‘రైటు’ అను మాటయు దాని స్పానిషు రూపములును

ఇంగ్లీషు మాటలకు స్పానిషు అర్థములు చెప్పు చిన్న నిఘంటువులు ఇప్పుడు మనవారి యిండ్లలోనికిని వచ్చుచున్నవి. అమెరికాలో టెక్సాసు, కాలిఫోర్నియా రాష్ట్రములలో కాపురమున్న తెలుగువారికి స్పానిషు ఇరుగుపొరుగు భాష. వారి బిడ్డలు కొందరు పాఠశాలలో దానిని చదువుకొనుచున్నారు. అట్టి యొక యింటినుండి సెలవులకు వచ్చిన బాలిక చేతి పుస్తకమును మేమొకనాడు తిరుగవేయుచుండగా ‘రైటు’ అను మాట కంటబడినది. దాని కెదురుగా ఆరు స్పానిషు మాటలు వరుసదీరి యుండెను: దెరెచో, దెరెచా, కొర్రెక్తో, హుస్తో, రెక్తో, బియెన్. నడుమ కామాలే గాని వేరొక మాట లేదు. ఆ బాలిక వరుసలో మొదటిదానిని నమ్మి, “నీవు చెప్పినదే రైటు” అని నేస్తముతో ననదలచి, “నీవు దెరెచో” అని వ్రాసినదట. స్పానిషులో దానికి “నీవు వంకరలేనివాడవు” అని యర్థమగును. ఉపాధ్యాయిని యెర్రసిరాతో గీతగీసి, ప్రక్కను ‘రసోన్’ అని వ్రాసెను. ఆ మాట నిఘంటువు వరుసలో లేనేలేదు. తప్పు బాలికదా, నిఘంటువుదా యని విచారింపబూని యీ నాలుగు పుటలు వ్రాయుచున్నాము.

కామా చూపునకు చిన్న గుర్తు. కాని నిఘంటువులో అది పలుకు అబద్ధము పెద్దది. తన కిరుప్రక్కల నున్న మాటలు ఒకదానికి బదులొకటి వాడదగినవని అది చూపరులను నమ్మించును. నిజమునకు ఈ యారు మాటలలో ఏ రెండింటిని గాని అన్నియెడల ఒకదానిచోట నొకటి నిలుపుటకు వీలులేదు. పెద్ద నిఘంటువులు ఉదాహరణము లిచ్చి ఈ దోషమును కొంత పోగొట్టుకొనుచున్నవి. జేబులో నిముడు పుస్తకములకు ఉదాహరణముల కెడమేది? కావుననే వానిని కొనువారు మోసపోవుచున్నారు.

ముందుగా సుళువైన అర్థములను చూచి సాగనంపుదము. మెక్సికోలో గాని కొలంబియాలో గాని దారి యడిగినవానితో “సీగా దెరెచో” అనినచో, తిన్నగా పొమ్మని యర్థము. “ఆ లా దెరెచా” అనినచో కుడివైపునకు తిరుగవలెను. తుది యచ్చులో ఓకారమునకును ఆకారమునకును నడుమ ఒక వీధి దూరమున్నది. క్రొత్తవాడు ఆ యొక్క యచ్చును సరిగా వినకపోయెనా, సత్రమునకు బోవలసినవాడు సంతలో తేలును. స్పెయినులో తిన్నగా పొమ్మనుటకు “తోదో రెక్తో” అనుట వాడుక గనుక అచ్చట ఈ చిక్కు కొంత తక్కువ. క్షేత్రగణితములో మనము లంబకోణమనునది ఇంగ్లీషువారికి రైటు కోణము, స్పానిషువారికి రెక్తో కోణము. అచ్చట దెరెచో పనికిరాదు. గుడ్డకు పైవైపు దెరెచో, తిరుగవైపు రెబెస్. ఊలు అల్లు స్త్రీలు కుట్లలో రెండు విధములకు ఈ రెండు పేర్లే వాడుదురు. ఇంగ్లీషు స్త్రీలకు ఆ కుట్లకు వేరు పేర్లు కలవు. “రైటు నడుమ” అనుచోట హుస్తో రావలెను. “రైటు ఇప్పుడే” అనుచోట ‘అఓరా మీస్మో’ అందురు. అందులో రైటునకు సంబంధించిన మాట యొక్కటియు లేదు. మాట ముగించి “రైటేనా?” అని యెదుటివానిని అడుగునపుడు స్పానిషువాడు ‘బెర్దాద్?’ అనును, అనగా “నిజమేనా?” అని. “ఆల్ రైట్” అనుటకు బియెన్ కలదు. స్పెయినులో ‘బాలె’ అని మరియొకటి కలదు, అది విలువ అను అర్థముగల ధాతువునుండి పుట్టినది.

ఇంగ్లీషులో ‘రైటు’ తిమింగిల మని యొక జాతి కలదు. నెమ్మదిగా నీదుచు, చచ్చిన పిమ్మట నీట మునుగక తేలుచు, వేటగాండ్రకు మిక్కిలి యనువుగా నుండుటచే దానికా పేరు వచ్చినదని చెప్పుదురు. చంపువారికి తగినది గనుక రైటు! తిమింగిలము నడిగిన వారెవరు? స్పానిషువారు దానిని ‘బల్లేనా ఫ్రాంకా’ అనిరి. రైటు అను మాటను దానికి తగిలింపరైరి. ఒక మాటకు అర్థము చెప్పునపుడు ఎవరి వైపునుండి చెప్పుచున్నామో చూచుకొనవలెనని మాకు మొదట తోచినది ఈ తిమింగిలమును జూచియే.

చేతుల సంగతి కొంచెము నిలిచి చూడదగినది. ప్రాచీనపు ఇంగ్లీషులో రైటు అనగా తిన్ననిది, న్యాయమైనది అనియే యర్థము. కుడిచేతికి ‘బలమైన చేయి’ అను అర్థమునిచ్చు వేరొక పేరుండెను. పోనుపోను న్యాయమను మాటనే కుడిచేతికి కట్టబెట్టిరి. అంతటితో ఎడమచేయి అన్యాయపు చేయి యైనది. లాటినులో ఎడమకు పేరైన ‘సినిస్త్రా’ నుండి పుట్టిన ‘సినియెస్త్రో’ నేటి స్పానిషులో అశుభమను అర్థమున నిలిచినది. భీమా కంపెనీల కాగితములలో ప్రమాదమునకు, నష్టమునకు అదియే పేరు. ఇట్టి మాటను తమ చేతికి పెట్టుకొన నొల్లక కాబోలు, స్పానిషువారు ఎడమకు ఇరుగున నున్న బాస్కు జాతివారి మాటను ఎరువు దెచ్చుకొని ‘ఇస్‌కియెర్దా’ అనిరి. కుడికి లాటినులో నున్న పేరునుండి ‘దియెస్త్రో’ పుట్టినది. నేర్పరి యని దాని యర్థము, వృషభములతో పోరు వీరునికిని అదియే బిరుదు. నమ్మకమైన సహాయుని స్పానిషువారు కుడిచేయి యందురు, మనము కుడిభుజ మందుము. ఈ మాటల వెనుక నున్న భావము మాటలతో నాగలేదు. ఎడమచేతి వాటముగల బిడ్డలను బెదరించియు, బెత్తముతో కొట్టియు కుడిచేతనే వ్రాయించుట పెక్కు దేశముల బడులలో చిరకాలము సాగినది. ఆ బిడ్డలు చేసిన తప్పేమి? నిఘంటువులో తమ చేయి తప్పు వరుసలో నుండుటయే.

రాజకీయములలో కుడి యెడమల సంగతి వేరు. 1789లో ఫ్రాన్సు జాతీయసభలో రాజపక్షమువారు అధ్యక్షునికి కుడివైపునను, మార్పు కోరువారు ఎడమవైపునను కూర్చుండుటవలన ఆ పేర్లు పుట్టినవి. స్పానిషులో కుడిపక్షమును ‘లా దెరెచా’ అందురు. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. దీనితో ముందు పని గలదు.

రైటునకును దెరెచోకును దూరపు చుట్టరికము కలదు. దెరెచో లాటినులోని ‘దిరెక్తుస్’ నుండి వచ్చినది. ఇంగ్లీషు మాట జర్మానిక్ శాఖకు చెందినది. రెండింటికిని మూలము తిన్నగా చేయుట, తిన్నగా నడపుట అను అర్థముగల యొకే ప్రాచీన ధాతువని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. సంస్కృతమున ‘ఋజు’ శబ్దము ఆ కుదురుననే పుట్టినది. ఋజుమార్గము, ఋజువర్తనము అని మనము వ్రాయునపుడెల్ల రైటునకు అక్కయో చెల్లెలో అగు మాటనే వాడుచున్నాము. న్యాయము తిన్ననిది, అన్యాయము వంకరది అను భావము ఇంత విశాలమైన భూభాగమున వ్యాపించి యుండుట వింత. ఇంగ్లీషున తప్పును ‘రాంగు’ అందురు. అది మెలివడినది, వంకరపోయినది అను అర్థముగల స్కాండినేవియా మాట. స్పానిషులో ‘తుఎర్తో’ అనునది అట్టిదే. మెలిద్రిప్పుట యను లాటిను ధాతువునుండి పుట్టి, పూర్వము అన్యాయమనియు అర్థమిచ్చి, నేడు ఒంటికన్నువాడు అను అర్థమున మిగిలినది.

1605లో వెలువడిన ‘దోన్ కిహోతె’ మొదటి భాగమున సెర్వాంతెస్ ఈ రెండు మాటలతో నాడిన చమత్కార మొకటి కలదు. లోకములోని తుఎర్తోలను, అనగా వంకరలను, తిన్నజేయుట తన వృత్తియని దోన్ కిహోతె చెప్పుకొను వీరుడు. పందొమ్మిదవ అధ్యాయమున నొకరాత్రి శవమును గొనిపోవుచున్నవారిని చూచి, ఏదో ఘోరము జరిగినదని భ్రమించి వారిపై బడును. వారిలో నొక పట్టభద్రుడు కంచరగాడిదక్రింద చిక్కుకొని కాలు విరుగగొట్టుకొనును. వీరుడు తన వృత్తిని వివరించగా ఆ పడినవాడు, వంకరలను తిన్నజేయుట యనగా నేమో నాకు తెలియదు గాని, తిన్నగా నున్న నన్ను నీవు వంకర చేసితివని ఫిర్యాదు చేయును. సంస్కరణము పేరు చెప్పి పరుల యిండ్లలో ప్రవేశించు మావంటివారు ఈ ఘట్టమును ఏటికొకసారియైన చదువుకొనుట మంచిది. అనువాదకుల కష్టమునకును ఇది మంచి తార్కాణము. ఇంగ్లీషులో రైటు, రాంగు అని పెట్టినచో న్యాయాన్యాయములు వచ్చును గాని విరిగిన కాలు రాదు. తిన్న, వంకర యని పెట్టినచో కాలు వచ్చును గాని న్యాయము పలుచబడును.

ఇక బాలిక పుస్తకములో లేని ‘రసోన్’ అను మాటకు వత్తము. కాస్తిలియావారు దీనిని ‘రథోన్’ అని పలుకుదురు. బుద్ధి, హేతువు, కారణము అని దీని యర్థములు. ఇంగ్లీషులో “ఆమె రైటు” అనవచ్చును, “ఆమెకు రైటు కలదు” అనవచ్చును. మొదటిదానికి ఆమె చెప్పినది నిజమని యర్థము. రెండవదానికి ఆమెకు హక్కు కలదని యర్థము. ఒకే మాట రెండు వాక్యములలోను కూర్చుండుటచే, రెండు సంగతులు ఒకటే యను భ్రాంతి వినువారికి కలుగును. స్పానిషులో మొదటిదానికి “తియెనె రసోన్” అందురు, రెండవదానికి “తియెనె దెరెచో” అందురు. క్రియ యొకటే, ‘కలిగియుండుట’. కలిగియుండు వస్తువే వేరు. ఒకతె రసోన్ కలదియై దెరెచో లేనిది కావచ్చును. దెరెచో కలదియై రసోన్ లేనిది కావచ్చును. రెండును గలవారు అదృష్టవంతులు.

వ్యాకరణమున ఇది చిన్న సంగతి. ఇంటిలో పెద్ద సంగతి. ఒక యువతి తన చదువునుగూర్చియో, పెండ్లినిగూర్చియో తన యిష్టమును తెలిపినదనుకొందము. పెద్దలు సభదీరి ఆమె యిష్టము సరియైనదా కాదా యని విచారింతురు. ప్రశ్నల నడుగుదురు. ఆమె తడబడును, లేదా ఆమె యెన్నుకొన్న దారిలో నిజముగనే లోపముండును. అంతట, నీ మాట సరికాదు గనుక నీకు ఎన్నుకొను హక్కును లేదని తీర్పు. వాదములో నోడినవారి ఆస్తిని జప్తు చేయుట ఏ కోర్టులోను లేని ధర్మము. ఇండ్లలో మాత్రము నిత్యము జరుగుచుండును. వారు విచారించినది రసోన్, తీసివేసినది దెరెచో. రెండింటికిని వేరువేరు మాటలు నాలుక మీద నున్నను ఈ పొరపాటు జరుగవచ్చుననుటకు స్పెయిను చరిత్రయే సాక్ష్యము.

1931 ఏప్రిలులో స్పెయినులో రాజు దేశము విడిచిపోగా ప్రజారాజ్య మేర్పడెను. మేనెలలో వెలువడిన శాసనముచే స్త్రీలకు ఎన్నికలలో నిలుచుటకు అనుమతి కలిగెను గాని ఓటు వేయుటకు కలుగలేదు. కోర్తెస్ అనబడు శాసనసభలోనికి ఇద్దరు స్త్రీలు ఎన్నికైరి: క్లారా కాంపొఆమోర్, విక్తోరియా కెంట్. ఇద్దరును న్యాయవాదులే. కాంపొఆమోర్ చిన్ననాట తండ్రిని గోలుపోయి, కుట్టుపని చేసి, తంతితపాలా శాఖలో ఉద్యోగము చేసి, ముప్పది యారవయేట, 1924లో, న్యాయశాస్త్ర పట్టమందినది. కెంట్ ప్రజారాజ్యమున చెరసాలల అధికారిణిగా నియమింపబడి ఖైదీల సంకెళ్లను తీయించిన దయామయి. ఇట్టి యిద్దరు స్త్రీల ఓటునుగూర్చి చెరియొక ప్రక్కను నిలిచిరి. సభలో స్త్రీలిద్దరే, వారికిని పొసగదని పత్రికలు పరిహసించెను. నాలుగువందల డెబ్బది మంది సభ్యులలో పురుషులకు పొసగని సంగతు లెన్ని యుండెనో ఆ పత్రికలు లెక్కింపలేదు.

కెంట్ వాదమిది: స్త్రీల ఓటును ఆమె మూలచ్ఛేదముగా కాదనలేదు, వాయిదా వేయుమనినది. స్పెయిను స్త్రీలందరును కార్మికులై, విశ్వవిద్యాలయములలో చదివినవారై యుండినచో తానే లేచి ఓటు కోరుదుననియు, అట్లు లేనందున వారు ప్రజారాజ్యమునకు ప్రతికూలముగా ఓటు వేయుదురనియు ఆమె భయము. కాంపొఆమోర్ వాదమిది: ఓటు స్త్రీకి మానవవ్యక్తియగుటచే చెందినది, పరీక్ష పెట్టి ఇచ్చు బహుమానము కాదు. ఇట్టి పరీక్షను పురుషులకు ఎవ్వరును పెట్టియుండలేదు గదా! మరియొక సభ్యుడు పురుషులకు ఇరువది మూడవయేట, స్త్రీలకు నలువది యైదవయేట ఓటిత్తమని సవరణ తెచ్చెను. దానిని ఆయన నవ్వుటకు తెచ్చెనో, నమ్మి తెచ్చెనో గాని, అది సభలో చర్చకు వచ్చుటయే ఆ కాలపు స్థితిని తెలుపుచున్నది.

1931 అక్టోబరు 1వ తేదీన ఓటు తీసిరి. స్త్రీల ఓటునకు అనుకూలముగా 161, ప్రతికూలముగా 121. ఇచ్చట ‘లా దెరెచా’ అను మాటను జ్ఞాపకము చేసికొనవలెను. స్త్రీలకు దెరెచో నిచ్చుటకు చేతులెత్తినవారిలో సామ్యవాదులలో పెక్కురతోపాటు దెరెచా పక్షమువారును ఉండిరి. అభ్యుదయవాదులమని చెప్పుకొను పక్షములవా రనేకులు కాదనిరి. కాంపొఆమోర్ సొంతపక్షమే ఆమెకు ఎదురు తిరిగెను. కుడిపక్షమువారు ఓటిచ్చినది హక్కుమీది గౌరవముతోనో, ఆ ఓట్లు తమకే రాలునను ఆశతోనో యను అనుమానము కలుగకపోదు. అట్లయినచో వారును కెంట్ వలెనే ఫలితమునే లెక్కించిరన్నమాట. లెక్క ఒకటే, ఆశ వేరు. హక్కును హక్కుగా చూచినవారు ఆనాడు సభలో తక్కువమందియే యుండిరని మా యభిప్రాయము.

1933 నవంబరులో స్త్రీలు మొదటిసారి సాధారణ ఎన్నికలలో ఓటువేసిరి. దెరెచా పక్షము గెలిచినది. కాంపొఆమోర్, కెంట్ ఇద్దరును స్థానములను కోల్పోయిరి. ఓటమికి కారణము కాంపొఆమోరే యని నిందలు మోపిరి. 1936లో ఆమె ఈ సంగతులనుగూర్చి యొక గ్రంథము వ్రాసి, స్త్రీల ఓటు తాను చేసిన మహాపాతకమని ఎత్తిపొడుపుగా దానికి పేరు పెట్టెను. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో ఎన్నికలు జరుగగా, ఆ స్త్రీలే మరల ఓటువేయగా, ఈమారు ఎడమపక్షముల కూటమి గెలిచినది. నింద మోపినవారు దానిని వెనుకకు తీసికొన్నట్లు కనబడదు.

కెంట్ వేసిన అంచనా 1933లో నిజమైనదనియే యొప్పుకొందము. అనగా ఆమెకు రసోన్ కలదు. దానివలన స్త్రీల దెరెచో వీసమంతయు తరుగలేదు. ఈ రెండు వాక్యములను స్పానిషులో ప్రక్కప్రక్కను పెట్టినచో ఏ చిక్కును లేదు. ఇంగ్లీషులో పెట్టి చూడుడు: “కెంట్ రైటు, అయినను స్త్రీలకు రైటు కలదు” అని చదువువాడు ఒక్క క్షణము తడబడును. తప్పుచేయు రైటు అని ఇంగ్లీషువారు వాడు పలుకుబడి యొకటి కలదు. ఆ భాషలో అది విరోధాభాసాలంకారమువలె చమత్కారముగా వినబడును. స్పానిషులో ‘దెరెచో ఆ ఎకిబొకార్సె’ అనినచో అలంకారము లేదు, ఆభాస లేదు. పొరబడుటకు మనుష్యునికి హక్కు కలదను సాదా మాట మాత్రమే. ఒక భాషలో అలంకారమైనది మరియొక భాషలో వాడుకమాట యగుట అనువాదకులు గమనింపవలసిన సంగతి.

ఇంతమాత్రమున స్పానిషు మాట నిర్దోషమని మేము చెప్పబోము. రసోన్‌ను వేరుచేసిన ఆ భాష, దెరెచోలో మరియొక రెండింటిని కలిపివేసినది. హక్కునకు దెరెచో యని పేరు. న్యాయశాస్త్రమునకును దెరెచో యనియే పేరు. ఒక్కొక్క శాసనమునకు ‘లెయ్’ అను వేరుమాట కలదు గాని, శాసనముల సముదాయము, వానిని బోధించు కళాశాల, అందిచ్చు పట్టము అన్నియు దెరెచోయే. ఇంగ్లీషులో చట్టమునకు వేరుమాట, హక్కునకు వేరుమాట యుండుటచే, చట్టము నా హక్కును హరించినదని చెప్పుకొనుట సులభము. దెరెచో నా దెరెచోను హరించినదని స్పానిషువాడు మొరపెట్టుకొనవలెనన్నచో ముందుగా ఏ దెరెచో యేదో వివరించుకొనవలెను.

కొన్సెప్సియోన్ ఆరెనాల్ అను విదుషీమణి 1840 ప్రాంతముల మాడ్రిడు విశ్వవిద్యాలయమున పురుషవేషము ధరించి దెరెచో పాఠములు వినెనని ప్రసిద్ధి. దెరెచో చెప్పు గదిలో కూర్చుండుటకు ఆమెకు దెరెచో లేదు. స్త్రీలు పురుషులతోపాటు విశ్వవిద్యాలయములలో నిరాటంకముగా చేరుటకు 1910 వరకు ఆజ్ఞ రాలేదు. 1889 నాటి సివిల్ కోడ్డు భార్య భర్తకు విధేయురాలై యుండవలెనని విధించెను. భర్త యనుమతి లేక ఆమె తన యాస్తి నమ్ముటకు గాని, వ్యాజ్యమునకు దిగుటకు గాని సామాన్యముగా వీలులేకుండెను. ఆ యనుమతి విధానమును 1975లో తీసివేసిరి. అంతవరకు ఆ దేశమున ‘భార్య యొక్క దెరెచో’ అనునప్పుడు, ఆమెకు చెందినదని యర్థమా, ఆమెపై నడుచు చట్టమని యర్థమా యని యడుగుట నవ్వులాట కాదు.

మన ‘హక్కు’ సంగతియు ఇచ్చట చెప్పదగినది. ఇది అరబ్బీ ‘హక్’ నుండి పారసీక, ఉర్దూ భాషల ద్వారమున మనకు వచ్చినది. అరబ్బీలో ఆ మాటకు సత్యమనియు అర్థమే, చెందవలసిన వాటా యనియు అర్థమే. ఇంగ్లీషు రైటువలె అదియు రెండింటిని మోయుచున్నది. తెలుగునకు వచ్చునప్పటికి సత్యము దారిలో జారిపోయి వాటా మాత్రమే మిగిలినది. నిజమునకు మనకు ఒప్పు, సరి, న్యాయము మొదలగునవి వేరుగా నున్నవి. కుడికి ఇంకొక మాట. కావున ఇంగ్లీషు రైటును అనువదించుటలో తెలుగు స్పానిషు ప్రక్కనే నిలుచును. తెలుగు బాలిక ఇంగ్లీషును నడుమ నుంచుకొనక, “నీవు చెప్పినది ఒప్పు” అనుటకు స్పానిషువా రేమందురని తిన్నగా నడిగియుండినచో, దెరెచో యను మాట ఆమెకు తట్టియేయుండదు. మన పిల్లలకు మూడవ భాషను ఎల్లప్పుడును ఇంగ్లీషు కిటికీలోనుండియే చూపవలయునా యని ఉపాధ్యాయులు ఆలోచింపవలెను.

కామాల నిఘంటువునకు ప్రత్యామ్నాయ మెట్లుండవలెనో చూపినవారు స్పెయినులోనే కలరు. మరీయా మొలినేర్ 1900లో జన్మించి, చరిత్ర చదివి, గ్రంథాలయోద్యోగినియై, ప్రజారాజ్యకాలమున పల్లెలకు గ్రంథాలయములను పంపు పనిలో పాటుబడెను. అంతర్యుద్ధానంతరము క్రొత్త ప్రభుత్వము ఆమెను క్రింది తరగతికి దించెను. ఏబదియేండ్లు దాటిన పిమ్మట, ఉద్యోగమును ఇంటిపనిని చక్కబెట్టుకొనుచునే, భోజనపు బల్లపై చీటీలు పరచుకొని, ఇంచుమించు పదునైదేండ్లు శ్రమించి స్పానిషు వాడుక నిఘంటువును ఒంటరిగా రచించెను. అది 1966, 1967లలో రెండు సంపుటములుగా వెలువడినది. మాట యొక్క అర్థముతోపాటు అది యే మాటలతో కలిసి నడుచునో, ఏ వాక్యమున నొదుగునో, దానికి దగ్గర చుట్టములెవరో, వారికిని దీనికిని భేదమేమో చూపుట ఆ గ్రంథపు పద్ధతి. దెరెచో, రసోన్ అనువానిని కామాతో కలుపుటకు ఆ పద్ధతిలో చోటులేదు. చదువుకొను బిడ్డకు అట్టి గ్రంథము ఇంట నొకటి యున్నచో ఎర్రసిరా గీతలు చాల తగ్గును.

స్పెయిను రాజకీయ భాషాపరిషత్తు 1713లో స్థాపితమైనది. 1972లో అందొక పీఠము ఖాళీకాగా మొలినేర్ పేరును ప్రతిపాదించిరి. స్త్రీలను చేర్చుకొనరాదని నిబంధన లేదు. అయినను అప్పటికి రెండువందల యేబది తొమ్మిదేండ్లుగా సాధారణ పీఠములలో ఒక్క స్త్రీయైన ఎన్నుకొనబడి కూర్చుండలేదు. పరిషత్తువారు ఒక పురుష భాషాశాస్త్రజ్ఞు నెన్నుకొనిరి. ఆయన పాండిత్యమును మేము శంకింపము. ఆరేండ్లకు, 1978లో, కార్మెన్ కొందె యను కవయిత్రిని ఎన్నుకొనగా ఆమె మరుసటియేట పీఠ మెక్కినది. మొలినేర్ 1981లో మరణించినది. ఆమె నిఘంటువును పరిషత్తు సభ్యులును తెరచి చూచుకొనుచుండిరి.